ఎర్ర బొమ్మా, ఎవరూ నమ్మని బావా

బావకి బామ్మర్ది రాసేది.

నేను బాగున్నాను. అక్క బాగుందనే అనుకుంటున్నాను. నీ సంగతి అడగను. చుట్టుపక్కల అందర్నీ ఏడిపించేవాడికి జలుబు కూడా చెయ్యదు.

ఈ ఉత్తరం వెనకాలే ఒక పెద్ద పార్సిల్ వస్తుంది. బేకరీ మీద మీరు కొత్తగా వేసుకున్న గదికి నా కానుక. నిలబెట్టే మొయ్యాలి, పడుకోబెట్టకూడదు, అద్దం ఉంది. విప్పేటప్పుడు రొట్టెలు కోసే కత్తి వాడొద్దు.

లోపల ఉన్నది ఒక చిత్రం. అసలుది ఎక్కడో పెద్ద మ్యూజియంలో ఉంది, ఇది దాని అచ్చు. ఇందులో మనిషి ఉండడు, చెట్టు ఉండదు, కొండ ఉండదు. పైన ఒక పెద్ద ఎరుపు, కింద ఇంకా ముదురు ఎరుపు, మధ్యలో సన్నటి వెలుగు. అంతే. ఇందులో ఆకారం లేదు, అనుభవం ఉంది. చూసేవాడి లోపలి నిశ్శబ్దంతో ఇది మాట్లాడుతుంది.

బావా, నీ దగ్గర దాచేదేముంది. మా ఫ్రేముల షాపులో ఇన్నాళ్ళూ పెళ్ళి ఫొటోలూ, డిగ్రీ పట్టాలూ, జలపాతాలూ కట్టి అమ్మాం. జనం మారారు, ఇలాంటివి ఇళ్ళల్లో పెట్టుకుంటారు అని మా యజమానిని కాళ్ళావేళ్ళా పడి ఒప్పించి, ఒక గది నిండా చేయించింది నేను. ఒక్కటంటే ఒక్కటి కదల్లేదు. నిన్న పిలిచాడు. "ఈ బొమ్మ గోడ మీద ఉండి, ఆ ఇంటివాళ్ళు బాగుందన్న ఇల్లు ఒక్కటి చూపించు. లేదంటే ఫ్రేములన్నీ ఊడదీసి జలపాతాలకి వేస్తా. నువ్వు వేరే పని చూసుకో" అన్నాడు.

కాబట్టి బొమ్మ తగిలించి, నాలుగు మంచి ముక్కలు మా షాపు అడ్రసుకి రాయి. నీకు దండం పెడతాను, జోకులు వెయ్యకు. ఈ ఒక్కసారికి.

ఇట్లు,
నీ నోటికి భయపడుతూ,
మీ ఆవిడ తమ్ముడు

తా.క. తలుపుకి ఎదురు గోడ మీద, కూర్చుంటే కళ్ళకి సూటిగా వచ్చేలా తగిలించు. పిండి బస్తాల పక్కన కాదు.

---

మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడూ, ఫ్రేముల షాపుకి వెన్నెముకా అయిన స్కేలుకి,

బావ దీవెనలు. నిన్ను స్కేలు అనొద్దని మీ అక్క నిన్న కూడా పోట్లాడింది. నిటారుగా నడిచి, కొలిచి మాట్లాడి, గీత గీసినట్టు నవ్వేవాణ్ణి ఇంకేమని పిలవనురా?

పార్సిల్ చేరింది. మెట్ల మీద నిలబెట్టే మోశాం. నన్నూ దాన్నీ చూసి, తలుపుని పెళ్ళాడి తీసుకొస్తున్నాననుకున్నారు వీధిలో. మీ అక్క కాగితం విప్పింది. విప్పి, ఇంకా ఏదో కాగితం మిగిలిందేమోనని గోరుతో గోకింది.

"బొమ్మేదీ?" అంది.

"ఇదే."

"ఇది బొమ్మ మీద కప్పే గుడ్డ కదూ?"

ఎదురింటి తాళాలాయన వచ్చి, మెడ అటూ ఇటూ వంచి, "గీసినాయన దీపం ఆర్పేసి గీశాడా?" అన్నాడు. నేనేం తక్కువ తిన్నానా? "కాదు, మా బామ్మర్ది సిగ్గుపడితే ఫొటో తీశారు" అన్నాను.

నా లోపలి నిశ్శబ్దంతో మాట్లాడుతుందని రాశావు. మాట్లాడింది. నా లోపలి నిశ్శబ్దం "టీ ఏదీ?" అని అడిగింది. మీ యజమానికి చెప్పు, ఈ సరుకు మంచి సరుకే. ఎక్కడ కోసినా ఒకటే కాబట్టి సగం కోసి పక్కింటికి ఇచ్చినా ఇద్దరికీ లోటుండదు. మా కేకుల్లో కూడా ఇంత సమానంగా రంగు పడదు.

తగిలించాను. నువ్వు చెప్పిన గోడకే. పిండి బస్తాలు అలిగాయి.

ఇట్లు,
నీ ప్రాణానికి దాపురించిన బావ

తా.క. కవరు అంటించబోయి మళ్ళీ తీశాను. సాయంత్రం మీ అక్క బయటికెళ్ళింది. దానికో పేరు పెడదామని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నా. నీకు తెలుసుగా, ఏది చూసినా ఫలానాదానిలా ఉంది అనకపోతే నాకు నాలుక దురద. రిటైరైన పోస్ట్‌మ్యాన్ మడిచిన గొడుగులా ఉంటాడు, తాళాలాయన మొహం చెవి పోయిన కప్పులా ఉంటుంది. అలా దీన్ని మంట అందామనుకున్నా, కాదు. పొయ్యి నోరు అందామనుకున్నా, రోజూ పొయ్యి నోట్లోకి తొంగిచూసేవాణ్ణి, అదీ కాదు. దేనిలాగానూ లేదురా. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. చూస్తుంటే ఆ ఎరుపు అంచులు ఊపిరి తీస్తున్నాయి. ఒళ్ళు జలదరించింది. టీ చల్లారిపోయింది, చూసుకోలేదు. చాలా గొప్పది పంపావు. నీకు దణ్ణం.

---

బావగారికి,

"గారు" ఎందుకు వచ్చిందో చదివితే తెలుస్తుంది.

నీ ఉత్తరం చేరింది. షాపు అడ్రసుకి రాయమన్న పాపానికి యజమానే చింపాడు. పనివాళ్ళందర్నీ పిలిచి బల్ల గుద్దుతూ చదివాడు. పైన వేసిన జోకులకి బాధ లేదు, నవ్వి ఊరుకున్నారు. కానీ తా.క. మొదలవగానే కొంప మునిగింది. "అంచులు ఊపిరి తీస్తున్నాయి" దగ్గర అద్దాలు కోసే ఆయన కడుపు పట్టుకుని కింద కూలబడ్డాడు. "నీకు దణ్ణం" దగ్గర యజమానికి పొలమారింది. మంచినీళ్ళు అందించింది నేనే.

తిట్టదలుచుకుంటే తిన్నగా తిట్టు, పడతాను. పొగిడి చంపడం దేనికి? నా పాట సంగతి మర్చిపోయాననుకున్నావా? "ఏం గొంతురా, ఒళ్ళు జలదరించింది" అని వారమంతా అన్నావు. ఇదే మాట. నిజమేననుకుని నలుగురి ముందు లేచి పాడాను. మొదటి వరసలో చెవుల్లో రొట్టె ముక్కలు కుక్కుకుని కూర్చున్నది ఎవరు?

"చూశావా, నీ సొంత బావే నవ్వుతున్నాడు, పరాయివాళ్ళు ఎందుకు కొంటారు?" అన్నాడు యజమాని. 

బొమ్మ తిప్పి పంపెయ్. బదులు జలపాతం పంపిస్తాను. పక్కనే జింక కూడా ఉంటుంది. దానికి నీ ఇష్టమొచ్చిన పేరు పెట్టుకో.

ఇట్లు,
నీ వేళాకోళం కోసమే పుట్టినవాడు

తా.క. జింక వద్దంటే రెండు హంసలున్నది కూడా ఉంది. ఏది కావాలో రాయి. ఇది నేను అడగట్లేదు, షాపువాళ్ళు అడగమన్నారు.

---

మహారాజశ్రీ గౌరవనీయులైన బావమరిది గారి సముఖమునకు,

నమస్కారములు. ఈ ఉత్తరమునందు హాస్యము లేదు. తమరు పంపిన చిత్రము మిక్కిలి ఉన్నతముగా ఉన్నది. దానిని చూచి నేను మిక్కిలి ఆశ్చర్యము పొందితిని.

ఇంతవరకూ రాసి చదువుకుంటే నాకే నవ్వొచ్చింది. ఇది మామూలు వెటకారం కంటే పెద్ద వెటకారంలా ఉంది. వదిలెయ్, నా చదువుకి తగ్గట్టే రాస్తాను.

ఒరేయ్, నేను నిజమే రాశాను. నిజంగా నిజం. నా కష్టం ఏమిటంటే, నిజం రాయడానికి నా దగ్గర వేరే మాటలు లేవు. ఉన్న మంచి మాటలన్నీ వేళాకోళానికి వాడేశాను. "అద్భుతం" అందామంటే మొన్న తాళాలాయన కొత్త చొక్కాకి వాడేశా. "జన్మ ధన్యమైంది" అన్నది మీ అక్క వండినదానికి అయిపోయింది. ఇప్పుడు అసలు సందర్భం వచ్చేసరికి గల్లాపెట్టె ఖాళీ.

ఇక్కడ జరిగింది విను. రెండ్రోజులుగా నేను ఎవర్నీ ఏమీ అనకపోయేసరికి మీ అక్కకి భయమేసింది. నర్సమ్మని పిలిపించింది. కాన్పుల వార్డులో చేసి రిటైరైన మనిషి, నేను సూదమ్మ అంటాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చూసి, "నాడి బాగానే ఉంది, బుద్ధే బాగాలేదు. ఇంతకీ రోజంతా ఏం చేస్తున్నావ్?" అంది.

"బొమ్మ చూస్తున్నా."

"ఏదీ, నేనూ చూస్తా" అని లేచి, అంతలోనే ఆగిపోయింది. "ఉండు. నువ్వు వేసిన కుర్చీలో మాత్రం కూర్చోను."

కుర్చీ తిరగేసి అడుగు చూసింది. బొమ్మ వెనక చెయ్యి పెట్టి తీగలేమైనా ఉన్నాయా అని తడిమింది. చివరికి తన బల్ల తానే తెచ్చుకుని, పక్కగా వేసుకుని, గదిలో గొడుగు తెరిచి పట్టుకుని కూర్చుంది.

"ఎప్పుడు చిమ్ముతుంది?" అంది.

"ఏది?"

"నీళ్ళో, సిరానో. నువ్వు ఊరికే బొమ్మ పెట్టేవాడివేనా?"

"ఏమీ చిమ్మదు తల్లీ, నమ్ము."

"నమ్మమన్నాడు, అయితే తప్పకుండా చిమ్ముతుంది" అని కన్నార్పకుండా చూడ్డం మొదలుపెట్టింది.

ఒరేయ్, ఆ గొడుగు మెల్లగా దిగింది. ముందు భుజం మీదికి. తర్వాత ఒళ్ళోకి. తర్వాత నేల మీదికి. ఆవిడ దాన్ని దించుతున్నానని కూడా ఎరగదు. చాలాసేపటికి, నాతో కాదు, తనలో తాను అంది. "బిడ్డ బయటికొస్తుంది, ఇంకా ఏడవదు. ఆ మధ్యలో గదిలో అందరం ఊపిరి బిగబట్టుకుని ఉంటాం చూడు. అక్కడున్నట్టుంది."

చూడు, ఆవిడకైనా ఒక పోలిక దొరికింది, నాకింకా దొరకలేదు.

ఆ తర్వాత తాళాలాయన వచ్చాడు. ఎక్కడో తాళంచెవి కన్నం ఉండే ఉంటుంది, తిప్పితే ఏదో మీద పడుతుంది అని అంగుళం అంగుళం వెతికాడు. వెతుకుతూ వెతుకుతూ మధ్యలో ఉన్న ఆ సన్నటి వెలుగు దగ్గర ఆగిపోయాడు. ఇక కదల్లేదు. పోస్ట్‌మ్యాన్ అయితే గది గుమ్మంలోనే నిలబడి, పారిపోవడానికి వీలుగా ఒక కాలు బయట పెట్టి చూశాడు. ఆ బయటి కాలు ఎప్పుడు లోపలికొచ్చిందో ఆయనకే తెలీదు.

నాకిప్పుడు అర్థమైంది. గోడ మీద బొమ్మని ఎవడు చూస్తాడు? కుర్చీ ఎక్కడుందో చూసుకుంటూ ఓ చూపు పారేసి పోతారు. వీళ్ళు నన్ను నమ్మలేదు కాబట్టి చూశారు. ఇందులో మోసం ఎక్కడుందా అని కళ్ళు చించుకుని చూశారు. మోసం కనపడలేదు, బొమ్మ కనపడింది.

ముగ్గురూ తమ ఇళ్ళకీ ఒక్కొక్కటి కావాలన్నారు. మీ షాపు అడ్రసు ఇచ్చాను.

ఇట్లు,
ఒట్టు పెట్టుకునే హక్కు పోగొట్టుకున్న నీ బావ

తా.క. సూదమ్మ గొడుగు ఇక్కడే మర్చిపోయి వెళ్ళిపోయింది. బయట జోరున వాన.

---

బావా,

"మహారాజశ్రీ" అట! "సముఖమునకు" అట! ఆ ముక్క చదివి అద్దాలు కోసే ఆయన రోజంతా నన్ను అలాగే పిలిచాడు.

అది చాలదని ఇప్పుడు ఆర్డర్లు కూడా పంపిస్తున్నావా? ఒకావిడ రాస్తుంది: "ఆ ఎర్ర బొమ్మ ఒకటి పంపండి. గొడుగు అక్కర్లేదని తెలిసింది." ఇంకొకాయన: "దానికి తాళం లేదని నా వృత్తి మీద ఒట్టేసి చెప్పగలను, ఒకటి పంపగలరు." మూడోది: "నేను జీవితమంతా కవర్లు పంచాను. తెరవకుండానే లోపల ఏముందో తెలిసిపోయే కవరులా ఉంది మీ బొమ్మ. ఒకటి కావాలి." ఇవి మనుషులు రాసే ఆర్డర్లేనా? చేతిరాతలు వేరుగా ఉన్నంత మాత్రాన నమ్మేస్తాననుకున్నావా? అక్క రాతని అచ్చుగుద్దినట్టు దించి, అర్జంటుగా ఇత్తడి బకెట్ పట్టుకు రమ్మని రాసి, నా చేత మా ఇంటి నుంచి మీ ఇంటిదాకా మోయించినవాడివి నువ్వు. మూడు ఆర్డర్లూ చెత్తబుట్టలో వేశాను. యజమానికి చూపించి ఉంటే ఇంకోసారి పొలమారేది.

నేను ఓడిపోయాను బావా. మీ ఇంట్లోది కూడా రాగానే గదిలో ఉన్న బొమ్మలన్నీ ఊడదియ్యమని నిన్న చెప్పేశాడు. కలప డిపోకి వెళ్తూ దారిలో మీ ఇంటికి తనే వచ్చి ఆ ఒక్కటీ తీసుకెళ్తాడట. వచ్చేది యజమాని, తోటి పనివాడు కాదు. నువ్వు నోరు తెరవకు. నువ్వు మంచి చెప్పినా జోకే, చెడు చెప్పినా జోకే, దగ్గినా జోకే. గొడవ లేకుండా బొమ్మ చేతికొస్తే, పోనీలే అని పట్టాలు కట్టే బల్ల దగ్గరైనా నన్ను ఉండనిస్తాడు. ఈ పని పోతే నాకు ఇంకో పని రాదు. మూలలు అతకడం తప్ప నాకేం వచ్చు?

ఒక్క ముక్క కూడా మాట్లాడకు. అక్క మీద ఆన.

ఇట్లు,
నిన్ను బతిమాలడం ఇదే ఆఖరు అనుకుంటున్న
బామ్మర్ది

తా.క. మాట్లాడొద్దన్నానని మూతికి గుడ్డ కట్టుకుని గుమ్మంలో నిలబడకు. అదీ జోకే.

---

బామ్మర్దీ,

ఇవాళ పేరు పెట్టి పిలవను. సూటిగా జరిగింది రాస్తాను.

నీ ఉత్తరం చూపిస్తే మీ అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నీ పని గురించి సగం, బొమ్మ గురించి సగం. "పోనీ పిండి బస్తాల వెనక దాచేద్దామా?" అని తనే అంది. వద్దన్నాను. దొంగ పనులు చెయ్యొద్దని నేను చెప్పడం మీ అక్క చెవిన పడింది, పిడుగు పడ్డట్టు చూసింది.

తీసుకెళ్ళిపోతున్నారని తెలిసి మన ముగ్గురూ ఆఖరిసారి చూసుకోవడానికి వచ్చారు. సూదమ్మ, తాళాలాయన, పోస్ట్‌మ్యాన్. కింద మెట్ల దగ్గర చెప్పులు, పైన గదిలో దిగాలు మొహాలు, ఎవరూ మాట్లాడరు. సరిగ్గా అప్పుడే మీ యజమాని మెట్లెక్కి వచ్చాడు, చేతిలో కొలత టేపు. గుమ్మంలో ఆగి, మమ్మల్ని చూసి, తలపాగాలా చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు. చప్పుడు చెయ్యకుండా వచ్చి చివర సూదమ్మ పక్కన కూర్చున్నాడు.

"ఎప్పుడండీ?" అన్నాడు చెవిలో.

"ఇవాళే" అంది సూదమ్మ. "తీసుకెళ్ళేవాళ్ళు ఇంకా రాలేదు."

"అయ్యో. బాగా బాధపడ్డారా?"

"మేమా? ఇప్పుడే మొదలైంది."

ఆయన నావైపు తిరిగి, "ధైర్యం తెచ్చుకోండి" అన్నాడు. నేను నోరు తెరవలేదు. మీ అక్క మీద ఆన పెట్టావుగా. పోస్ట్‌మ్యాన్ ఆయనతో, "పాపం, కొన్నాళ్ళుగా ఆయనకి మాట పడిపోయింది. ఇదివరకు ఎలా ఉండేవాడో మీరు చూడాల్సింది" అన్నాడు. మీ యజమాని నా భుజం తట్టాడు. ఒరేయ్, ఇలాంటి అవకాశం నా జన్మలో మళ్ళీ రాదు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వొస్తోంది, నాలుక మీద పది మాటలు తయారుగా ఉన్నాయి. అన్నీ మింగేశాను. నీ కోసం మింగాను, రాసి పెట్టుకో.

"ఇంతకీ ఎక్కడ?" అన్నాడు.

"ఎదురుగానే. కనపడట్లేదా?" అంది సూదమ్మ.

అప్పుడు తలెత్తి చూశాడు. తన షాపు సరుకే. మొహంలో రంగులు మారాయి. ఏదో అనబోయి నోరు తెరిచాడు. మేమెవ్వరం ఆయన వైపు చూడట్లేదు. అందరం దానివైపే చూస్తున్నాం. ఆయనా మళ్ళీ దానివైపే చూశాడు, వీళ్ళందరూ ఏం చూస్తున్నారా అని.

కిటికీలోంచి ఎండ వాలుతోంది. నువ్వు వేసింది మెరవని అద్దం కదా, ఎండ దాని మీద పడి మెరవలేదు, లోపలికి పోయింది. పైనున్న ఎరుపు ముందుకొచ్చింది. కింద ఉన్నది వెనక్కి పోయింది. మధ్యలో వెలుగు గీత సన్నగా, ఇంకా సన్నగా అయింది. గదిలో గోడ ఉందన్న సంగతే మర్చిపోయాం. ఆయన చేతిలో టేపు వదులై, జర్రుమని డబ్బీలోకి పోయింది. ఆయన ఉలిక్కిపడలేదు.

చాలాసేపటికి లేచాడు. నేరుగా బొమ్మ దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ ఫ్రేము మీద వేశాడు. అయిపోయిందనుకున్నాం. మీ అక్క కళ్ళు మూసుకుంది. బొమ్మ రవ్వంత ఒరిగి ఉందట. ఆయన దాన్ని సరిచేసి, రెండడుగులు వెనక్కి నడిచి, వచ్చి మళ్ళీ తన చోట్లో కూర్చున్నాడు.

"ఇది మా దగ్గర ఉన్నప్పుడు ఇలా లేదే" అన్నాడు.

"మీ దగ్గర ఎలా ఉండేది?" అంది మీ అక్క.

"గోడవైపు తిప్పి."

చీకటి పడబోతుండగా లేచి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. బొమ్మ ఇక్కడే ఉంది. కానీ ఆయన మనసులో ఏముందో తెలీదు. నీ పని ఉంటుందో ఊడుతుందో తెలీదు. నేను ఒక్క ముక్క మాట్లాడలేదురా, మీ అక్కనడుగు. వెంటనే రాయి.

ఇట్లు,
గుండె గుప్పెట్లో పెట్టుకుని
మీ బావ

తా.క. నీ యజమానికి పేరు పెట్టడం మర్చిపోయాను. ఇప్పుడు పెడదామంటే ఆయన మొహం గుర్తులేదు. నేనూ బొమ్మనే చూస్తున్నాను కదా.

---

బావకి,

నీ బామ్మర్ది మొదటిసారి భయం లేకుండా రాసే ఉత్తరం. లేదు, కొంచెం భయంగానే ఉంది.

యజమాని కలప డిపోకి వెళ్ళనే లేదు. తిన్నగా షాపుకి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా వెనక గదిలోకి పోయి, గోడవైపు తిప్పి ఉన్న బొమ్మలన్నిటినీ ఒక్కొక్కటే ఇటు తిప్పాడు. తనే తిప్పాడు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మీ ఇంట్లో ఏదైనా తిని వచ్చాడా అని అద్దాలు కోసే ఆయన నన్ను అడిగాడు. తర్వాత నన్ను పిలిచి తలుపు వేశాడు.

"ఇవి చేయించమని నా ప్రాణం తీశావు. ఇందులో నీకు ఏం కనిపించింది?" అన్నాడు.

"ఇందులో ఆకారం లేదండీ, అనుభవం ఉంది. చూసేవాడి లోపలి..."

"అది అచ్చులతో పాటు వచ్చిన కాగితంలోది. నేనూ చదివాను. నీకేం కనిపించిందో చెప్పు."

బావా, ఆయనకి చెప్పిందే నీకూ చెప్తున్నాను. నాకేమీ కనిపించలేదు. ఎప్పుడూ కనిపించలేదు. నాకు ఇష్టమైంది ఆ సన్నటి నల్ల ఫ్రేము. నా చేత్తో మూలలు అతికితే అతుకు ఎక్కడుందో గోటికి కూడా తెలీదు. కానీ జలపాతం చుట్టూ ఎంత బాగా కట్టినా అందరూ జలపాతాన్నే చూస్తారు, పెళ్ళి ఫొటోకి కడితే పెళ్ళికూతుర్ని చూస్తారు. ఈ బొమ్మలో ఏమీ లేదు కాబట్టి, ఇందులోనైనా నా ఫ్రేముని చూస్తారని చేయించాను.

అందుకే నువ్వు పొగిడితే నమ్మలేకపోయాను. నీ వేళాకోళం ఒక్కటే కారణం కాదు. ఏమీ లేనిదాన్ని చూసి ఒళ్ళు జలదరించిందంటే, వాడు ఆటపట్టించక ఇంకేం చేస్తున్నట్టు?

ఈ మాట విని బయటికి గెంటుతాడనుకున్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "నాకూ మొన్నటిదాకా అంతే" అన్నాడు. ఆ గది ఇక నా పర్యవేక్షణే అన్నాడు. "కానీ చూడనివాడు అమ్మలేడు. కూర్చుని చూడు" అని ఓ స్టూలు ఇచ్చి వెళ్ళిపోయాడు.

కూర్చున్నాను. సాయంత్రం దాకా కూర్చున్నాను. నా కళ్ళు మూలల దగ్గరికే పోతున్నాయి. కింద కుడివైపు అతుకులో వెంట్రుకవాసి తేడా ఉంది, అది కనిపించింది. ఇంకేమీ లేదు. సూదమ్మకి కనిపించింది, తాళాలాయనకి కనిపించింది, ఉత్తరాలు పంచేవాడికి కనిపించింది, జీవితంలో దేన్నీ లెక్కచెయ్యని నీకు కనిపించింది. చేసినవాణ్ణి నాకు ఎందుకు కనపడదు బావా?

చెత్తబుట్టలోంచి ఆ మూడు ఆర్డర్లూ ఏరి, మడతలు సాపు చేసి, ఇవాళ బొమ్మల్ని పార్సిల్ కట్టడం మొదలుపెట్టాను. నర్సమ్మగారి బొమ్మకి రెండు వైపులా కాగితం మడిచి, మధ్యలో ఇంకా చెయ్యెడు సందు ఉంది. ఫ్రేము కనపడట్లేదు. మూలలు కనపడట్లేదు. ఆ సందులోంచి ఎరుపు ఒక్కటే ఉంది. చెయ్యి ఆగిపోయింది. ఏదో ఉందనిపించింది. కాగితం మొత్తం మళ్ళీ విప్పేశాను, విప్పగానే పోయింది. ఏమీ కాకపోవచ్చు. మళ్ళీ మడిచాను. మళ్ళీ ఉంది.

ఆ మూడు బొమ్మలూ పట్టుకుని నేనే వస్తున్నాను. నిలబెట్టే తెస్తాను. నీ పక్కన నాకు కూర్చోవడానికి చోటు ఉంచు. ఎక్కడ చూడాలో, ఎంతసేపు చూడాలో చెప్పు. నువ్వు చెప్పినట్టల్లా చేస్తాను. ఈసారి నువ్వు ఏం చెప్పినా నమ్ముతాను బావా. నవ్వకు.

ఇట్లు,
దారిలో ఉన్న నీ బామ్మర్ది

తా.క. నాకేమీ కనిపించలేదన్న సంగతి అక్కకి చెప్పకు. కనిపించాక నేనే చెప్తాను. ఎంత కూర్చున్నా కనిపించకపోతే, కనిపించినట్టు నటించడం నువ్వే నేర్పాలి. ఆ విద్యలో నీకంటే పెద్దవాడు నాకు తెలీదు.